జొన్న నాము - పశువు పొట్ట

వానలు వెనుకపట్టిన ఏడు పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో జొన్న గిడసబారును. ఆ లేతపైరునో, కోసిన మోళ్ల నుండి లేచిన పిలకలనో ఆకలిమీద మేసిన ఎద్దు కొద్దిసేపటిలోనే రొప్పుచు కూలిపోవచ్చును. రైతులు దీనినే ‘నాము’ అందురు.

1902లో డన్‌స్టన్, హెన్రీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు జొన్నలో ‘ధురిన్’ అను పదార్థమును గుర్తించిరి. అరబ్బీలో ధుర్రా అనగా జొన్నయే. ధురిన్ స్వతః అంత విషము కాదు. ఆకు నమలబడి పశువు మొదటి పొట్టకు చేరగా, అచ్చటి సూక్ష్మజీవులు దానిని విడగొట్టును. హైడ్రోసయనిక్ ఆమ్లము వెలువడును. ఎండుగడ్డిని సయితము అరిగించి ఎద్దుకు బలమిచ్చునవి ఆ సూక్ష్మజీవులే! మనుష్యుని జీర్ణకోశములోని ఘాటైన ఆమ్లములో అవి అట్లు పెరుగజాలవు. అయితే జొన్నరొట్టె మనకు నిరపాయమగుటకు కారణము వేరు: పండిన గింజలో ధురిన్ దాదాపు ఉండదు.

1933లో అమెరికాలో ఛెన్ మున్నగువారు సోడియం నైట్రైటు, థయోసల్ఫేటు కలిపి కుక్కలకిచ్చి విరుగుడు చూపిరి. సూది వేళకు అందినచో పశువు దక్కవచ్చును. కోసి ఆరబెట్టిన చొప్పలో విషము చాలవరకు తగ్గును.