నేల పక్షపాతం, గణితం తీర్పు

రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పట్టణం ఖరగ్‌పూర్. అక్కడి పూరీ గేట్ పరిసరాలది ఎర్రని లేటరైట్ నేల. పైకి ఒకే రంగుగా కనిపించినా, ఒక్క చేనులోనే మట్టి లోతు, తేమ, సారం అడుగడుగునా మారవచ్చు. ఇట్టి చేనులో రెండు వరి వంగడాలను పోల్చవలసి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. సారవంతమైన మూలన నాటినది ఎక్కువ పండితే ఆ ఘనత విత్తనానిదా, నేలదా? తీర్పు తప్పితే నష్టపోయేది ఆ విత్తనాన్ని నమ్మిన రైతు.

ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ ఇందుకు మార్గం చూపాడు. చేనును బ్లాకులుగా విభజించి, ఒక్కొక్క బ్లాకులో నేల వీలైనంత సమంగా ఉండేట్లు చూడాలి. ప్రతి బ్లాకులోనూ అన్ని వంగడాలకు చీట్లు వేసి మడులు కేటాయించాలి. అప్పుడు పోలిక ఇరుగుపొరుగు మడుల మధ్యనే జరుగుతుంది.

వంగడాలు ఎక్కువైతే బ్లాకు పెద్దదై, దానిలోనే నేల మారిపోతుంది. అందుకు ఫ్రాంక్ యేట్స్ 1936లో అసంపూర్ణ బ్లాకులను ప్రతిపాదించాడు. ఉదాహరణకు ఏడు వంగడాలను మూడేసి మడుల ఏడు బ్లాకులలో అమర్చితే, ఏ రెండు వంగడాలైనా సరిగా ఒక్కసారి ఒకే బ్లాకులో కలుస్తాయి. కాని వంగడాల సంఖ్య పెరిగినకొద్దీ ఇట్టి సమతుల్యతకు కావలసిన మడులు మితిమీరుతాయి.

ఈ దశలో కలకత్తా ముందుకు వచ్చింది. మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో రాజ్ చంద్ర బోస్, కె.ఆర్. నాయర్ 1939లో పాక్షిక సమతుల్య అమరికలను రూపొందించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఆ సంస్థలో చేరాడు. వాల్తేరు నుండి కలకత్తాకు పోయే రైలు మార్గం ఖరగ్‌పూర్ మీదుగానే సాగుతుంది. ఒక వంగడం ఏ బ్లాకులలో పడిందో గమనించి, ఆ నేలల మంచిచెడ్డలకు తగినట్లు దాని సగటు దిగుబడిని సవరించవలసి ఉంటుంది. అసంపూర్ణ బ్లాకు ప్రయోగాలన్నింటికీ వర్తించే విశ్లేషణ విధానాన్ని రావు 1947లో ప్రకటించాడు.

1965లో హైదరాబాదు కేంద్రంగా ఆరంభమైన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం కొత్త వంగడాలను వివిధ రాష్ట్రాల నేలలపై పరీక్షింపజేసింది. నేలలన్నింటినీ ఒకే తీరుకు తేవడం ఎవరికీ సాధ్యం కాదు. వాటి తేడాలను ముందే లెక్కలోకి తీసుకొని, విత్తనానికి న్యాయమైన పరీక్ష పెట్టడం మాత్రం సాధ్యమని ఈ చరిత్ర తెలుపుతున్నది.