పెంట బండి, మందు సంచి

కోరుట్ల, మెట్‌పల్లి పట్టున పసుపు మాట మొదలైతే ముందు వచ్చే ప్రశ్న "ఎన్ని ట్రాక్టర్ల పెంట తోలినవ్?" అనే. మందు సంచుల లెక్క ఆ తర్వాతే. జూన్‌లో పెట్టిన దుంప సంక్రాంతి దాటితే గానీ తవ్వకానికి రాదు. అన్ని నెలలూ కొమ్ము పక్కలకు ఊరాలంటే మట్టి గుల్లగా ఉండాలి. ఆ గుల్లతనం యూరియాతో రాదు. అట్లని పెంటొక్కటే చాలదు. పసుపు పొటాష్‌ను విపరీతంగా లాగుతుంది. నడుమ మక్క వేస్తే నత్రజనికీ పోటీయే. అందుకే ఆఖరి దుక్కిలో ఎకరానికి పది టన్నుల పశువుల ఎరువు, భాస్వరం వేసి, యూరియా, పొటాష్ దఫదఫాలుగా ఇవ్వమంటారు.

పెంటా, మందుల ఈ పంచాయితీ ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో జాన్ బెనెట్ లాస్ 1842లో సూపర్ ఫాస్ఫేట్‌కు పేటెంటు తీసుకుని, మరుసటేడే రోథమ్‌స్టెడ్‌లో పెంటను, మందును పక్కపక్క మడుల్లో పోటీకి పెట్టాడు. బార్న్‌ఫీల్డ్ అనే ఆ చేలో మొదట వేసింది టర్నిప్ దుంపలే. 1960ల చివర అదే చేలో ఆలుగడ్డ, బీట్ వేసి చూస్తే, ఏళ్ల తరబడి పెంట తిన్న మడులకు నత్రజని తోడైనప్పుడు దుంప బాగా ఊరింది. 1889 చివర మన దేశానికి వచ్చి ఊళ్లు తిరిగిన ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త వోల్కర్‌ను బాధపెట్టింది మాత్రం పొయ్యి. చేనుకు పోవలసిన పేడ పిడకలై కాలిపోతోందని, ముందు కట్టెల సంగతి చూడండని సర్కారుకు చెప్పాడు.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగంలోకి జగిత్యాల పక్కనున్న పొలాస పరిశోధనా స్థానం 2000లో చేరింది. ఏటా రెండు పంటల వరి. ఒక మడికి ఏమీ వేయరు, ఒకదానికి నత్రజని ఒక్కటే, ఒకదానికి పెంటొక్కటే; ఇంకోదానికి పూర్తి మోతాదు మందుతో పాటు హెక్టారుకు పది టన్నుల పెంట. ఏ మడి కొలత ఆ మడిదే, ఏళ్లు గడిచినా మార్చరు. మందూ పెంటా కలిసి పడిన మడి దిగుబడిలోనూ, నేలలోని సేంద్రియ కర్బనంలోనూ ముందుంది. ఇదే ప్రయోగంలో భాగమైన హిమాచల్‌లోని పాలంపూర్ ఆమ్ల నేలలో, నత్రజని ఒక్కటే వేసిన మడుల్లో పంట దాదాపు చచ్చిపోయింది.

వరి లెక్క పసుపుకు అప్పగించలేం, నిజమే. కానీ పొలాస వరి మడికి పడే పెంట ఎకరానికి నాలుగు టన్నులే; పసుపు అడిగేది దానికి రెండింతల పైనే. దుక్కిటెద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ పెంట ఏ కొట్టంలోంచి రావాలి? 2015లో చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి కొంత ఆదుకుంది. కొందరు చేలో గొర్ల మందలు ఆపించుకుంటారు. ఆదరాబాదరా పచ్చి పెంట తోలితే వేరుపురుగు కూడా వెంటే వస్తుంది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైనప్పుడు ఊరూరా చర్చంతా క్వింటాలు ధర మీదే నడిచింది. బండెడు పెంట ధర ఎవరూ ఎత్తలేదు.