లీనేజ్‌ఓఎస్

లీనేజ్‌ఓఎస్ అనేది ఆండ్రాయిడ్ ఆధారంగా స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేస్తున్న ఉచిత నిర్వాహక వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్). తయారీదారులు పట్టించుకోవడం మానివేసిన పాత స్మార్ట్‌ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్‌ను అందించడం దీని ముఖ్య ఉపయోగాలలో ఒకటి.

చరిత్ర

దీని పూర్వరూపం సయనోజెన్‌మాడ్. స్టీవ్ కాండిక్ 2009లో హెచ్‌టీసీ డ్రీమ్ ఫోను కొరకు దీనిని మొదలుపెట్టాడు. గూగుల్ సొంత అనువర్తనాలను ఇందులో కలిపి పంచరాదని ఆ సంస్థ అదే సంవత్సరం నోటీసు పంపగా, వాటిని తొలగించవలసి వచ్చింది. లీనేజ్‌ఓఎస్‌లో కూడా అవి ఉండవు. కావలసినవారు విడిగా ఎక్కించుకోవాలి.

కాండిక్ తదితరులు 2013లో సయనోజెన్ అనే వ్యాపార సంస్థను స్థాపించారు. భారతదేశంలో మైక్రోమాక్స్ వారు 2014 డిసెంబరులో ప్రకటించిన యు యురేకా ఫోను (ధర రూ. 8,999) ఈ సంస్థ వ్యవస్థతోనే వచ్చింది. మైక్రోమాక్స్‌కు ఇచ్చిన ప్రత్యేక హక్కుల వివాదంలో వన్‌ప్లస్ వన్ ఫోన్ల అమ్మకాన్ని ఢిల్లీ హైకోర్టు ఆ నెలలోనే కొద్దిరోజులు నిలిపివేసింది. 2016 డిసెంబరులో సంస్థ తన సేవలను మూసివేయగా, కార్యకర్తలు అదే మూలరూపంతో లీనేజ్‌ఓఎస్‌ను ప్రారంభించారు.

తెలుగు లిపి

తెలుగువారికి ఇటువంటి వ్యవస్థల అవసరం మొదట అక్షరాల కోసమే కలిగిందనవచ్చును. ఆండ్రాయిడ్ 2.3 ఉన్న ఫోన్లలో సాధారణంగా తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఒపేరా మినీ విహారిణి అమరికలను మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదవడమే అప్పటి ఉపాయం. తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు ఆండ్రాయిడ్ 4.1 (2012)లో తోడ్పాటు లభించింది. 2010 నాటి సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్‌కు తయారీదారు 2.3 తరువాతి సంచిక ఇవ్వలేదు, 4.1 ఆధారిత సయనోజెన్‌మాడ్ 10 మాత్రం ఆ ఫోనుకు వచ్చింది. ఆండ్రాయిడ్ మెనూలు తెలుగులో రావడం 5.0 (2014)తో మొదలైంది.

ఎక్కించే విధానం

ముందుగా ఫోను సరియైన మోడల్ సంఖ్య చూసుకోవాలి. ఒకే పేరుతో అమ్మిన ఫోన్లలో లోపలి చిప్పులు వేరుగా ఉండవచ్చును. వేరే మోడల్ దస్త్రం ఎక్కిస్తే ఫోను అసలు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. తరువాత కంప్యూటరుకు కలిపి బూట్‌లోడర్ తాళం తీయాలి. ఈ దశలో ఫోనులోని ఫొటోలు, సందేశాలు సహా సమాచారమంతా చెరిగిపోతుంది కనుక ముందే నకలు తీసుకోవాలి. ఆపై రికవరీని ఎక్కించి, దాని ద్వారా అసలు వ్యవస్థను స్థాపిస్తారు. తాళం తీసిన ఫోన్లలో కొన్ని బ్యాంకు అనువర్తనాలు పనిచేయవు. ఉన్నది ఒక్కటే ఫోనైతే, దానితోనే డబ్బు చెల్లింపులు చేసేవారు ఈ ప్రయోగానికి దిగకపోవడం మేలు.

పరిమితులు

చవక ఫోన్లకే దీని అవసరం ఎక్కువ, కాని వాటికే ఇది దొరకడం కష్టం. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నందున, ఫోనుతో ఇచ్చిన కెర్నెల్ మూలరూపాన్ని తయారీదారు అందించాలి. మీడియాటెక్ చిప్పులతో వచ్చిన అనేక చవక ఫోన్ల విషయంలో ఇది జరగలేదు. మూలరూపం లేనిదే కెమెరా, సిమ్ వంటివి సరిగా పనిచేయించడం కార్యకర్తలకు దాదాపు అసాధ్యం. అధికారిక జాబితాలో ఉన్న పాత ఫోన్లకైనా, చిప్పు తయారీదారు ఇచ్చే మూసిన సాఫ్ట్‌వేరులోని భద్రతా లోపాలను లీనేజ్‌ఓఎస్ సరిచేయలేదు. ఒక ఫోనును చూసుకునే కార్యకర్త తప్పుకుంటే, ఆ ఫోను జాబితా నుండి తొలగిపోతుంది.