పదుగురు నిలిపిన కొలువు

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసి, రాత్రి భారత భాగవతములను గురువు లేకయే చదువుకొన్నవాడను. కావున లెక్కలవాని చూపుతోనే విన్నవించెదను. ఊరిలో నొక సంస్థ ఎట్లు పుట్టును, ఎట్లు నిలుచును అనునదియే నా ప్రశ్న.

జగ్గయ్యపేట ధనంబోడు పేరు వినని వారు మన ప్రాంతమున అరుదు. అచ్చటి బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ దొర త్రవ్వించెను. క్రీ. శ. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని ఇరువదియవ పాలనా వత్సరమున వ్రాయించిన శాసనములు అందు లభించినవి. అచ్చట ఐదు ఆయక స్తంభములను నిలిపినవాడు రాజు గాడు, సిద్ధార్థుడను శిల్పి. సర్వప్రాణుల హితసుఖములకై ఇచ్చితినని అతడు చెప్పుకొనెను. రాజు పేరు కాలమును తెలుపుటకు వచ్చినది. దానము మాత్రము పనివానిది. అయినను ఆ స్తూపము శిథిలమయ్యెను. ఇచ్చువాడుండిన చాలదు, నిలుపువారును ఉండవలెను.

మన ఆంధ్ర గ్రంథాలయోద్యమము ఈ రెండవ పనికే పూనుకొనినది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయము వెలసెను. అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషివలన 1914 ఏప్రిల్ 10న అచ్చటనే గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చిన్ననాటినుండియు చూపు మందగించిన ఆ మహనీయుడు ఇతరులకు చదువు కన్నులిచ్చు పనికి పెద్దయై నిలిచెను! 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలలో పుస్తకములను నడిపించిరి. ఊరు పుస్తకమును చేరలేకున్న పుస్తకమే ఊరికి పోయినది.

నేతపనివారి ఊరైన వేటపాలెమున 1918లో ఆరంభమైన సారస్వత నికేతనము నూరేండ్లు దాటి నిలిచియున్నది. 1929లో గాంధీమహాత్ముడు దానిని దర్శించెను. మహాత్ముని రాక ఒకనాటిది. పాత పత్రికలను జాగ్రత్తగా కట్టలు కట్టి దాచుట ఏనాటికానాటి పని. ఆ సంస్థకు ఆయువు పోసినది ఆ రెండవదియే యని నా తలంపు.

1948లో మదరాసు రాష్ట్రమునను, 1960లో మన రాష్ట్రమునను గ్రంథాలయ శాసనములు వచ్చినవి. ఇంటిపన్నుతో గ్రంథాలయపు పన్నును చేర్చిరి. ఇది మేలే. కాని, "పన్ను కట్టితిమి గదా!" అని చేతులు దులుపుకొను అలవాటును దానితోబాటే మనకు వచ్చినది.

అన్యుల నేల నిందింతును? ఒకమారు మన చందా పుస్తకమును సరిచూచుచుండగా బకాయిదారులలో నా పేరే కనబడెను. పదునాలుగు నెలలు! ఊరందరి బాకీలు లెక్కించువాడను నా బాకీ నెరుగనైతిని. ఆ సాయంకాలమే చెల్లించితిని. సిగ్గు మాత్రము ఇంకను చెల్లు కాలేదు.

చదువరులారా! నేడు కట్టిన తోరణములు రేపు వాడును. చందా సకాలమున చెల్లించుట, తెచ్చిన పుస్తకమును తిరిగి ఇచ్చుట, చినిగిన అట్టను అతికించుట, పిల్లవాని నొకనిని చేయిపట్టి తోడ్కొని వచ్చుట - ఇవి వాడని తోరణములు. స్వర్ణోత్సవ సంచికలో వ్రాయువాడు ఈ చిట్టాను తెరచినపుడు, మన పేళ్లు బకాయిల పుటలో గాక జమపుటలో కనబడుగాక!