సఫాత్ పోస్టుబాక్సు, విడవలూరు రూటర్

మొన్న సెలవులకు విడవలూరు వెళ్లాను. అమ్మీ పుట్టిన ఊరు. ఖాలా ఇంట్లో కొత్తగా ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ దిగింది. కొత్తగా అంటే వాళ్లకు కొత్త. నెల్లూరులో ఏదో ఆఫీసు మూసేస్తూ అమ్మేసిన సెకండ్‌హ్యాండ్ మాల్. ఇంటర్ చదివే మనవరాలి కోసం కొన్నారు. రూటర్ లైట్లు పచ్చగా వెలుగుతున్నాయి, ఫోన్లలో నెట్ వస్తోంది, కంప్యూటర్‌లో మాత్రం రావడం లేదు. "నువ్వు పేపర్లో పనిచేస్తావు కదా, చూడు బేటా" అంది ఖాలా. పేపర్లో పనిచేసేవాడికి దునియాలో అన్నీ తెలుస్తాయని మా ఖాందాన్‌కు గట్టి యకీన్.

నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఐపీ అడ్రస్ ఎవరో చేత్తో టైపు చేసి పెట్టారు: 192.168.0.14. గేట్‌వే 192.168.0.1. ఖాలా ఇంటి రూటర్ పతా ఏమో 192.168.1.1. మూడో అంకె ఒక్కటే తేడా. ఆఫీసు పోయింది, మొహల్లా మారింది, మిషన్ మాత్రం పాత పతానే జేబులో పెట్టుకుని తిరుగుతోంది. అడ్రస్ ఆటోమేటిక్‌గా తీసుకోమని టిక్ పెట్టాను. రెండు సెకన్లలో 192.168.1.7 వచ్చింది, నెట్ కూడా వచ్చింది.

"ఇంతేనా మామూ?" అంది పిల్ల.

ఇంతే. కానీ ఈ రెండు నిమిషాల పని చేసేవాళ్లు లేకనే 2003లో మా ఇంట్లో ఒక రాత్రి ఎవరికీ నిద్ర లేదు. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు పతా అంటే ఏమిటో చెప్పుకోవాలి.

మన దేశంలో పిన్‌కోడు 1972 ఆగస్టు 15న షురూ అయింది. తయారుచేసింది శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే తపాలా అధికారి. ఆయన సంస్కృత కవి కూడా. కవులకు లెక్కలు రావన్న మాట ఇక మానుకోవచ్చు. ఆరు అంకెల్లో మొదటి మూడూ చూస్తే చాలు, ఉత్తరం ఏ జిల్లా వైపు పోవాలో తెలిసిపోతుంది. 524 అంటే నెల్లూరు. ఢిల్లీలో ఉత్తరాలు విడదీసే మనిషికి విడవలూరు ఎక్కడుందో తెలియక్కర్లేదు. 524 సంచిలో వేస్తాడు. మిగతా మూడు అంకెల సంగతి నెల్లూరులో చూసుకుంటారు.

ఐపీ అడ్రస్ నడిచేది కూడా ఇదే తరీఖాలో. నాలుగు అంకెలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. వాటిలో ముందు భాగం మొహల్లా, చివరి భాగం ఇల్లు. మొహల్లా ఎక్కడ అయిపోయి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో చెప్పేదే సబ్‌నెట్ మాస్క్. 255.255.255.0 అని ఉంటే మొదటి మూడు అంకెలూ మొహల్లా, నాలుగోది ఇల్లు అని అర్థం. అదే మొహల్లాలోని మిషన్‌తో కంప్యూటర్ నేరుగా మాట్లాడుకుంటుంది. బయట మొహల్లా అయితే గేట్‌వే చేతికి ఇస్తుంది. గేట్‌వే అంటే గల్లీ చివరి దర్వాజా. ఖాలా ఇంటి కంప్యూటర్ తన మొహల్లాలో లేని దర్వాజా కోసం తడుముకుంటోంది, అదీ తఖ్లీఫ్. ఇక మనం చేత్తో రాయకుండా ఎవరి అడ్రస్ వాళ్లకు పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. అది 1993లో వచ్చింది. దావత్‌లో దస్తర్‌ఖాన్ దగ్గర నిలబడి "మీరు ఇక్కడ, మీరు అక్కడ" అని కూర్చోబెట్టే పెద్దమనిషి ఉంటాడు చూడండి, ఆయన చేసే పనే ఇది. ఆయన లేకపోతే ఇద్దరు ఒకే చోట కూర్చోబోతారు.

సరిగ్గా అదే జరిగింది మాకు.

అబ్బా కువైట్‌లో డ్రైవర్. మేం రాసే ప్రతి ఖత్ మీద చివర "పి.ఓ. బాక్స్ ఫలానా, సఫాత్, కువైట్" అని ఉండేది. చిన్నప్పుడు సఫాత్ అంటే అబ్బా ఉండే వీధి అనుకునేవాణ్ణి. కాదు, అది అక్కడి పెద్ద పోస్టాఫీసు పేరు. ఆ బాక్సు అబ్బాది కాదు, కంపెనీది. ఉత్తరాలన్నీ ఆ ఒక్క బాక్సులో పడతాయి. ఆఫీసు మనిషి తెచ్చి పేర్లు చూసి పంచుతాడు. అబ్బాకు గది ఉంది, మంచం ఉంది, లోపలివాళ్లు పిలిచే పేరుంది. బయటి దునియాకు చెప్పుకునే సొంత పతా మాత్రం లేదు.

1990 ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను. అప్పుడు లక్షా 70 వేలకు పైగా హిందుస్తానీలను అమ్మాన్ నుంచి విమానాల్లో ముంబైకి చేర్చారు. అబ్బా వాళ్లలో ఒకడు. ఒక్క సంచితో ఇంటికొచ్చాడు. మూడేళ్లకు మళ్లీ వెళ్లాడు. మజ్బూరీ.

2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీదకు వెళ్లింది. ఇరాక్ మిసైళ్లు కువైట్ వైపు వస్తున్నాయని రోజూ ఖబర్. అప్పుడు నేను నెల్లూరులో ఉన్నాను. ఐఎస్‌డీ కాల్ అంటే మీటర్ వైపు చూస్తూ మాట్లాడే జమానా. కంప్యూటర్లో మెసెంజర్ పెట్టుకుని గొంతుతో మాట్లాడుకోవడం చవక. అది కూడా మన దేశంలో కానూన్ ప్రకారం కుదిరింది 2002 ఏప్రిల్ 1 నుంచే. అంతకుముందు ఇంటర్నెట్ టెలిఫోనీ నిషేధం. ప్రతి జుమా సాయంత్రం అబ్బా అక్కడ ఒక నెట్ షాపులో కూర్చునేవాడు. అమ్మీ, నేను ఇక్కడ ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాళ్లం. అమ్మీ హెడ్‌ఫోన్ బురఖా మీదుగానే పెట్టుకునేది.

మార్చి 28, జుమా. అబ్బా గొంతు వచ్చింది. సైరన్ల గురించి ఏదో చెబుతున్నాడు. "రాత్రి మేమంతా" అన్నాడు. అక్కడ ఆగిపోయింది. తెర మీద ఇంగ్లిష్‌లో ఒక చిన్న డబ్బా: మీ ఐపీ అడ్రస్ నెట్‌వర్క్‌లో ఇంకో మిషన్‌తో ఢీకొంటోందని. ఆ సెంటర్లో అడ్రస్‌లన్నీ చేత్తో టైపు చేసి పెట్టినవి. మూలనున్న మిషన్‌ను ఫార్మాట్ చేసిన కుర్రాడు పొరపాటున మా మిషన్ అంకే దానికీ ఇచ్చి ఆన్ చేశాడు. ఏం చేయాలో తెలియక మా మిషన్‌ను రీస్టార్ట్ చేశాడు. అదే అసలు గల్తీ. లేచేసరికి ఆ అంకె రెండోవాడి చేతిలో ఉంది. ఆలస్యంగా వచ్చినవాడికి విండోస్ కుర్చీ ఇవ్వదు. చివరి అంకె మార్చితే అర నిమిషంలో అయిపోయేది. అప్పుడు ఆ కుర్రాడికీ తెలియదు, తెలుగు డిగ్రీ చదివిన నాకూ తెలియదు. గంట ఇంతెజార్ చేసి ఇంటికొచ్చాం.

ఆ రాత్రి తెల్లవారకముందే, మార్చి 29న, కువైట్ సిటీలో సముద్రం ఒడ్డునున్న సూక్ షర్క్ మాల్ దగ్గర మిసైల్ పడింది. పొద్దున టీవీలో చూశాం. ఎవరూ చనిపోలేదని చెబుతూనే ఉన్నారు. అమ్మీ చెవికి ఎక్కితే కదా. "రాత్రి మేమంతా" అన్న ముక్క దగ్గరే ఆమె ఆగిపోయింది. రోజంతా కంపెనీ ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఇత్వార్ పొద్దున ఎస్‌టీడీ బూత్ నుంచి దొరికాడు. బాగానే ఉన్నాడు. రాత్రి మేమంతా ఏమిటని అడిగితే, "రాత్రి మేమంతా బిర్యానీ వండుకున్నాం అని చెప్పబోయాను" అన్నాడు. అమ్మీ ఆ మాటకు ఏడ్చింది, తర్వాత వారం రోజులు తిట్టింది.

పత్రికలో చేరాక ఒక సవాల్ నన్ను వదల్లేదు. ఆ సెంటర్లో ఆరు మిషన్లకూ 192.168తో మొదలయ్యే అడ్రస్‌లే ఎందుకు? ఖాలా ఇంట్లోనూ అదే, మా ఆఫీసులోనూ అదే. దునియా మొత్తంలో ఒకే పతా ఇన్ని ఇళ్లకు ఎలా ఉంటుంది?

జవాబు 1981 దాకా వెళ్తుంది. ఆ సెప్టెంబరులో ఐపీ నాలుగో వెర్షన్ కాయిదాలు రాసి పెట్టారు. అడ్రస్ పొడవు 32 బిట్లు, అంటే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 అడ్రస్‌లు. అమెరికా యూనివర్సిటీలు, సైన్యం, కొన్ని ల్యాబ్‌లు వాడుకునే ప్రయోగానికి అవి చాలా ఎక్కువ. ఏ అంకె ఎవరిదో రాసిపెట్టే పని ఏళ్లపాటు జాన్ పోస్టెల్ అనే ఒక్క మనిషి చూసుకున్నాడు. అడిగినవాడికి అడిగినంత దొరికిన కాలం. ఎంఐటీ యూనివర్సిటీకి 18తో మొదలయ్యేవన్నీ, ఫోర్డ్ కార్ల కంపెనీకి 19తో మొదలయ్యేవన్నీ, యాపిల్‌కు 17తో మొదలయ్యేవన్నీ. ఒక్కొక్కరికి కోటీ 67 లక్షల పైచిలుకు. ముగ్గురివీ కలిపితే 5 కోట్లు. 2011 జనగణనలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు అంతే. మనందరికీ తలా ఒకటి చొప్పున ఇవ్వగలిగిన అడ్రస్‌లు మూడు సంస్థల దగ్గర ఉండేవి. వాళ్లు మన దుష్మన్లు కారు, కావాలని చేయలేదు. మనం కూడా వస్తామని వాళ్ల ఖయాల్‌లోనే లేదు. నాకు దీనిమీదే ఎక్కువ కోపం. తర్వాత 2017లో ఎంఐటీ తన వాటాలో సగం దాకా అమ్మకానికి పెట్టింది కూడా.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది వీఎస్‌ఎన్‌ఎల్, 1995 ఆగస్టు 15న, మొదట పెద్ద నగరాల్లో. ప్రైవేటు కంపెనీలకు దర్వాజా తెరిచింది 1998 నవంబరులో. అప్పటికే అడ్రస్‌లు చాలవన్న గాబరా మొదలై రెండు ఉపాయాలు వచ్చేశాయి. ఒకటి 1994 నాటి నాట్. ఇంటి ముందు ఒకే అసలు పతా పెట్టుకుని, లోపలి మిషన్లన్నీ దాని చాటు నుంచి మాట్లాడటం. రెండోది 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918. దీని ప్రకారం 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి ఎవరి సొత్తూ కావు. ఎవరింట్లో అయినా వాడుకోవచ్చు, ఇల్లు దాటి మాత్రం పనికిరావు.

అది చదివిన రోజు నాకు సఫాత్ గుర్తొచ్చింది. కంపెనీ పోస్టుబాక్సే నాట్. మనం రాసిన ఖత్‌కు జవాబు వస్తే ఆఫీసు మనిషికి ఎవరికివ్వాలో తెలుస్తుంది. మనం అడగకుండా బయటివాడు నేరుగా వచ్చి మన గది తలుపు తట్టలేడు. ఆ జుమా రోజున నెల్లూరులో అమ్మీ ఒక పోస్టుబాక్సు వెనక, కువైట్‌లో అబ్బా ఇంకో పోస్టుబాక్సు వెనక ఉన్నారు. ఇద్దరికీ పతా లేదు. అందుకే మెసెంజర్ కంపెనీ సర్వర్ మధ్యలో నిలబడి ఇద్దరినీ కలపాల్సి వచ్చేది.

ఆ తర్వాతి తారీఖు ప్రతి పత్రికలో మొదటి పేజీలో రావాల్సింది, లోపలి పేజీలో చిన్న వార్తగా పోయింది. 2011 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ ఖజానాలో చివరి ఐదు పెద్ద కట్టలు ఐదు ఖండాల సంస్థలకు పంచేశారు. అందరికంటే ముందు ఖాళీ అయింది మన ఆసియా పసిఫిక్ గల్లా, ఏప్రిల్ 15 నాటికే. జనం ఎక్కువ ఉన్నదీ, ఆలస్యంగా వచ్చిందీ ఇక్కడే కాబట్టి.

చిత్రం ఏమిటంటే, ఈ పేదరికమే మనల్ని ముందుకు నెట్టింది. 128 బిట్ల ఐపీ ఆరో వెర్షన్ 1995 డిసెంబరులోనే కాగితం మీదకు వచ్చింది. అడ్రస్‌లు దండిగా ఉన్నవాళ్లకు దాని అవసరం పడలేదు. 2016 సెప్టెంబరులో జియో దాన్నే నమ్ముకుని దిగింది. ఇప్పుడు ఆరో వెర్షన్ వాడకంలో హిందుస్తాన్ ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు తీగ తెచ్చింది, నెలకు 149 రూపాయలతో. ఖాలా ఇంటి పెట్టె కూడా కేబుల్ ఆయన తెచ్చి బిగించిందే.

ఆ సాయంత్రం అదే డెస్క్‌టాప్‌లో ఖాలా కొడుకు కువైట్ నుంచి వీడియోలో కనిపించాడు. వాడిదీ డ్రైవర్ పనే. కాల్ అయ్యాక నేను ఒక కాగితం మీద 192.168.1.1 అని రాసి, రూటర్‌లో ఏదైనా మార్చాల్సి వస్తే ఇది కొట్టమని పిల్లకు ఇచ్చాను. ఖాలా దాన్ని లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏ కిస్కా నంబర్ హై రే?"

మనిద్దే ఖాలా, ఈ ఇంటిదే అన్నాను. గోడ మీది క్యాలెండర్ వెనక, గ్యాస్ బుక్కు పక్కన దాన్ని గుచ్చింది.