లీటరు – లిట్రా: యోహాను సువార్తలోని ఒక కొలత

నేడు జూలూరుపాడు అంగళ్లలో పాలు, మంచినూనె లీటరుతో కొలుచుచున్నారు. ఈ పేరు ఎక్కడిది? 1795లో ఫ్రాన్సు కొత్త కొలతలను చట్టము చేసినప్పుడు, తమ పాత కొలతయైన 'లిట్రోన్' నుండి ఈ పేరు తీసికొనెను. దానికి మూలము గ్రీకు 'లిట్రా'. మన దేశములో 1956 నాటి చట్టము మెట్రిక్ కొలతలకు బాట వేసెను.

లిట్రా క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కనబడును: మరియ అత్తరు (యోహాను 12:3), నీకొదేము తెచ్చిన సుగంధద్రవ్యములు (19:39). అయితే అక్కడ అది ద్రవపు కొలత కాదు, తూకము. సుమారు 327 గ్రాములు. కావున దానిని లీటరని బోధించుట పొరపాటు.

మన తెలుగు బైబిలులో ఒక లిట్రా సేరున్నర, నూరు లిట్రాలు నూట ఏబది సేర్లు. ఏ సేరు? మద్రాసు సేరు 24 తులాలు, అనగా సుమారు 280 గ్రాములు; పక్కా సేరు 80 తులాలు, సుమారు 933 గ్రాములు. 1947కు ముందు భద్రాచలం మద్రాసు రాష్ట్రములోను, జూలూరుపాడు నిజాం రాజ్యములోను ఉండెను. నీకొదేము తెచ్చినది మద్రాసు సేరుతో 42 కిలోలు, పక్కా సేరుతో 140 కిలోలు. గ్రీకు లెక్కతో 33 కిలోలే. అనువాదకుల మనస్సులో నున్నది మద్రాసు సేరేనని మేము తలంచుచున్నాము.

మరియ అత్తరు కొంచెమే; వెల మూడువందల దేనారములు, దాదాపు ఏడాది కూలి. కొలతను పెంచి చెప్పనక్కరలేదు. ఆ కొంచెములోనే ఆమె అర్పణ బరువు తెలియుచున్నది.