లండను వీథులలో కాల్చిన బంగాళాదుంప

కోస్తావారు బంగాళాదుంప అంటారు, సీమవారు ఉర్లగడ్డ అంటారు, తెలంగాణలో అది ఆలుగడ్డ. సంస్కృతంలో ‘ఆలుకము’ అనే మాట ఉన్నది గదా, కాబట్టి ఈ దుంప మనకు అనాదిగా ఉన్నదేనని వాదించేవారు అప్పుడప్పుడు తారసపడుతుంటారు. మాట పాతదే. అయితే అది ఇతర కందమూలాలను చెప్పే మాట. కొత్త దుంప వచ్చి పాత పేరును ఆక్రమించుకున్నది. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమ. అక్కడి రైతులు నేటికీ పొలంలోనే మట్టిగడ్డలను చిన్న ఆవములా పేర్చి, లోపల మంట పెట్టి, గడ్డలు బాగా కాగిన తరువాత దుంపలను అందులో వేసి, ఆ గడ్డలనే వాటి మీదికి కూలదోస్తారు. మనం కుమ్ములో చిలగడదుంప కాల్చుకొనే పద్ధతికి ఇది దగ్గరి చుట్టము.

నీరు, నూనె, పాత్ర అక్కరలేని ఈ పాకం పందొమ్మిదవ శతాబ్దంలో లండను వీథులకెక్కింది. హెన్రీ మేహ్యూ అనే పత్రికారచయిత 1851లో వెలువరించిన ‘లండన్ లేబర్ అండ్ ది లండన్ పూర్’ అనే బృహద్గ్రంథంలో ఈ వ్యాపారాన్ని ఎంతో ఓపికగా వర్ణించాడు. అప్పటికి అది పట్టుమని పదిహేనేండ్ల నాటి వృత్తి. విక్రేతలు పెద్దవిగా, తోలు గరుకుగా ఉన్న దుంపలనే ఏరుకొనేవారు. గరుకు తోలు పిండిదుంపకు గుర్తు. జిగురుదుంప కాలిస్తే ముడుచుకొనిపోతుంది. కడిగి, తడి ఆరనిచ్చి, బుట్టలకెత్తి రొట్టెల బట్టీకి తీసుకొనిపోయేవారు. పెద్ద రేకుపళ్ళెములలో అవి చక్కగా కాలడానికి గంటన్నర పట్టేది. తరువాత ఆకుపచ్చని ఉన్నిగుడ్డ కప్పి, వేడి చల్లారకుండా తెచ్చి, కాళ్ళున్న రేకుపెట్టెలో ఉంచేవారు. దాని అడుగున నిప్పులు, మరిగే నీళ్ళు, ఆవిరి పోవడానికి గొట్టము. ఒక అరలో వెన్న, ఉప్పు, మరొక అరలో బొగ్గులు. దుంప ఒక్కటి అర పెన్నీ. చలికి చేతులు వెచ్చచేసుకొనడానికే కొనేవారూ ఉండేవారట!

ఆ విక్రేతల ఎన్నికలోని మర్మము ఇప్పటి ఇంటి ఓవెన్‌కూ వర్తిస్తుంది. పిండిపదార్థం మెండుగా ఉన్న దుంపలో కణములు వేడికి ఉబ్బి ఒకదాని నుండి ఒకటి విడిపోతాయి. అందువల్లనే విప్పగానే పొడిపొడిగా రాలుతుంది. ఆకుపచ్చ తిరిగినదానిని తీసుకొనరాదు, అందులో విషగుణము ఉంటుంది. ఆవిరి పోవడానికి ముల్లుచెంచాతో నాలుగు పోట్లు పొడిచి, 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో గంటసేపు ఉంచితే చాలును. అల్యూమినియం రేకు చుట్టడం నాకు సమ్మతము కాదు. అది కాల్చడం కాదు, ఉడికించడం.

ఇంతకూ ‘ఏరుకొనడం’ అన్నానే, ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. లండనులో ఈ వేడిదుంపల బేరం సాగుతున్న కాలంలోనే, పక్కనున్న ఐర్లండులో లక్షల మంది పేదలకు బంగాళాదుంప తప్ప వేరొక తిండి లేదు. చిన్న చెక్క భూమిలో కుటుంబమంతటికీ సరిపడా పండేది ‘లంపర్’ అనే రకము ఒక్కటే. నీరు ఎక్కువ, రుచి తక్కువ. దిగుబడి మాత్రం ఘనము. దుంపముక్కలనే నాటుతారు గనుక దేశమంతటా ఉన్నది ఒకే మొక్క అనవచ్చు. 1845లో శిలీంధ్రమువంటి తెగులు ఒకటి వచ్చిపడింది. ఒక మొక్కను చంపగలిగినది అన్నిటినీ చంపగలిగింది. మరుసటి ఏడు పంట దాదాపు పూర్తిగా పోయింది. దుంపలు నేలలోనే కుళ్ళి నల్లని ముద్దలయ్యాయి. ఆ అయిదారేండ్లలో సుమారు పది లక్షల మంది ఆకలికి, జ్వరాలకు బలికాగా, మరొక పది లక్షల మంది ఓడలెక్కి దేశము విడిచారు. అదే సమయంలో ఐర్లండు రేవుల నుండి ధాన్యమూ పశువులూ ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. తెగులు పంటను మాత్రమే చంపింది. మనుషుల చావులో ప్రభుత్వనీతికి పెద్ద పాలే ఉన్నదని నా అభిప్రాయము.

అలా వచ్చినవారిలో కొందరు లండనుకూ చేరారు. మేహ్యూ తన గ్రంథంలో విక్రేతల మాటగా ఒక ఫిర్యాదు రాసిపెట్టాడు. ఐరిష్ వారికి కాల్చిన దుంపలంటే ప్రాణమే గాని, వారంత చెడ్డ బేరగాండ్రు లేరట. కారణం, పెట్టెలో ఉన్నవాటిలో అన్నిటికంటె పెద్ద దుంపే కావాలంటారట.